"చైన్ బండి, లైఫ్‌లాంగ్" అంటే నమ్మొచ్చా? పాత ఇంజన్‌లో టైమింగ్ చైన్ ఎలా చెక్ చేయాలి

ఈరోజు మాట్లాడే ముందు మీకు ఒక సౌండ్ వినిపిస్తా. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, లేకపోతే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి.

విన్నారా? సెల్ఫ్ కొట్టగానే "గరగరగర" అని ఒక చప్పుడు. రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు. గట్టిగా మూడు సెకన్లు. ఆ తర్వాత ఏమీ లేదు, మామూలు డీజిల్ ఇంజన్ సౌండే. ఇంకోసారి వేస్తా. ఈసారి ఆ మొదటి మూడు సెకన్లే వినండి, మిగతాది వదిలేయండి.

ఈ వీడియో నాకు నల్గొండ దగ్గర నుంచి ఒక తమ్ముడు పంపాడు. పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీస్తాడు. మూడేళ్ళుగా కెమెరా బ్యాగు, లైట్లు, స్టాండ్లు అన్నీ బైక్ మీదే కట్టుకుని తిరుగుతున్నాడు. ఇప్పుడు 2013 మోడల్ డీజిల్ కారు ఒకటి చూశాడు. రీడింగ్ 1,40,000. రెండు లక్షల డెబ్బై వేలు చెబుతున్నారు. మూడేళ్ళు దాచుకున్న డబ్బంతా అదే. ఓనర్ ఏమన్నాడంటే, "తమ్ముడూ, ఇది చైన్ ఇంజన్. బెల్ట్ బండిలాగా లక్షకోసారి మార్చే ఖర్చు ఉండదు. లైఫ్‌లాంగ్." వీడు నన్ను అడిగింది ఒకటే: "అన్నా, తీసుకోనా వద్దా?"

ఒక్క సౌండ్ విని తీసుకో, తీసుకోవద్దు అని నేను చెప్పలేను. ఎవడైనా చెప్పాడంటే వాడు ఊహిస్తున్నాడనే అర్థం. కానీ ఆ మూడు సెకన్లు వింటే నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఎందుకో చెప్తా.

మా బాబాయ్‌కి ఒక డీజిల్ కారు ఉండేది. ఏ కంపెనీదో చెప్పను, తప్పు ఆ కంపెనీది కాదు, మాది. బెజవాడ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి కిరాయిలు తోలేవాడు. నేనప్పుడు ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్నా. హెల్పర్‌ని, పానాలు అందించే వయసు. పొద్దున్నే బాబాయ్ బండి తీస్తుంటే నేను పక్కన పళ్ళు తోముకుంటూ ఉండేవాడిని. ఇదే సౌండ్. సేమ్. మూడు సెకన్లు గరగర, తర్వాత మామూలే. నాకు అనుమానం వచ్చింది. ఒకసారి నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇరవై ఏళ్ళుగా బండ్లు తోలుతున్న మనిషికి నేనేం చెప్తాను? "డీజిల్ బండి కదరా, సౌండ్ లేకపోతే అదేం బండి" అని నవ్వేవాడు. ఐదు నెలలు అలాగే నడిచింది. ఒకరోజు తెల్లవారుజామున సూర్యాపేట దాటాక, బండిలో నలుగురు ప్యాసింజర్లు ఉండగా, "టక్" అని ఒక్క చప్పుడు. ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ సెల్ఫ్ కొడితే మామూలుగా వచ్చే బరువు లేకుండా ఇంజన్ ఉత్తినే గిర్రున తిరుగుతోంది. చైన్ పళ్ళు దాటేసింది. హెడ్ దించి చూస్తే రాకర్లు విరిగాయి, వాల్వ్‌లు వంగాయి. వాళ్ళ ఫ్లైట్ పోయింది. బాబాయ్‌కి లక్ష దగ్గర ఖర్చు, నెల రోజులు బండి లేదు, ఈఎంఐ మాత్రం ఆగలేదు.

నేను విన్నాను. చెప్పలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

సరే, ముందు అసలు ఈ చైన్ ఏం చేస్తుందో రెండు నిమిషాల్లో చూద్దాం. ఇంజన్‌లో కింద క్రాంక్‌షాఫ్ట్ ఉంటుంది, పిస్టన్లు దాన్ని తిప్పుతాయి. పైన క్యామ్‌షాఫ్ట్ ఉంటుంది, అది వాల్వ్‌లని తెరుస్తుంది, మూస్తుంది. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ కరెక్ట్‌గా ఒక్క చుట్టు తిరగాలి. అందుకే పైన పళ్ళచక్రానికి కిందదానికి రెట్టింపు పళ్ళు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేది కొన్ని ఇంజన్లలో రబ్బర్ బెల్ట్, కొన్నింటిలో ఇనప చైన్. చాలా ఇంజన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటు, వాల్వ్ కిందికి దిగే చోటు ఒకటే. ఇద్దరూ వేరే వేరే టైమ్‌లో వస్తారు కాబట్టి గుద్దుకోరు, అంతే. ఒకే తలుపులోంచి ఒకడు లోపలికి వెళ్తుంటే ఒకడు బయటికి వస్తున్నట్టు. టైమింగ్ తప్పిందంటే ఇద్దరూ గుమ్మంలో ఢీకొంటారు.

మీ బండి బెల్టా, చైనా? మారుతి 800, పాత సాంత్రో, పాత ఇన్నోవా 2.5 డీజిల్, ఇవి బెల్ట్. ఆల్టో కే10, కే సిరీస్ స్విఫ్ట్ పెట్రోల్, ఐ10లో వచ్చిన 1.2 కప్పా, ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్, ఇవి చైన్. మన రోడ్ల మీద అన్నింటికంటే ఎక్కువ కనిపించిన చైన్ డీజిల్ అంటే ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా క్వాడ్రాజెట్, పుంటో, లీనియా అన్నింట్లో అదే ఇంజన్. 2020లో బీఎస్6 వచ్చినప్పుడు మారుతి దాన్ని ఆపేసింది. అంటే ఈరోజు సెకండ్ హ్యాండ్‌లో కనిపించే ఆ ఇంజన్లన్నీ పాతవే. మంచి ఇంజన్, నాకు ఇష్టం కూడా. కానీ ఆయిల్ విషయంలో నిర్లక్ష్యం చేస్తే క్షమించదు.

ఇప్పుడు "చైన్ సాగింది" అంటారు కదా. ఈ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఇనుము రబ్బరులాగా సాగదు. సైకిల్ చైన్ చూడండి. లింక్‌కీ లింక్‌కీ మధ్య ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను అరుగుతుంది, అది కూర్చున్న రంధ్రం కొంచెం పెద్దదవుతుంది. ఒక్కో జాయింట్‌లో 0.02 మిల్లీమీటర్ అరిగిందనుకోండి. మన వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు అది. కంటికి కనపడదు. కానీ చైన్‌లో 130 లింకులు ఉంటే? 130 ఇంటూ 0.02, మొత్తం 2.6 మిల్లీమీటర్లు. చైన్ రెండున్నర మిల్లీమీటర్లు పొడుగైపోయింది. ఏ ఒక్క లింకూ పాడవలేదు, అయినా మొత్తం చైన్ పాడైంది. అందుకే చైన్‌ని పైనుంచి చూసి "బాగానే ఉందిలే" అనే మెకానిక్‌ని నేను నమ్మను. కంటికి కనపడేది కాదు అది.

ఈ పొడుగైన చైన్‌ని బిగించి పట్టుకునేది టెన్షనర్. చాలా ఇంజన్లలో ఇది ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఒక చిన్న పిస్టన్ లాంటిది బయటికి వచ్చి ప్లాస్టిక్ గైడ్‌ని తోస్తుంది, గైడ్ చైన్‌ని తోస్తుంది. చైన్ అరిగేకొద్దీ టెన్షనర్ ఇంకొంచెం బయటికి వస్తూ ఉంటుంది. అంటే చైన్ అరగడం మీకు తెలియకుండా అది దాచిపెడుతుంది. ఒక హద్దు వరకే. ఆ తర్వాత దాని దగ్గర ఇంక తోయడానికి ఏమీ ఉండదు.

మరి ఆ మూడు సెకన్ల సౌండ్ ఎందుకు? రాత్రంతా బండి ఆగి ఉంటుంది. టెన్షనర్‌లో ఉన్న ఆయిల్ మెల్లగా కిందికి కారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఆయిల్ పంపు ప్రెషర్ తెచ్చేలోపు చైన్‌ని పట్టుకునేవాడు లేడు. అది లూజుగా ఊగుతూ గైడ్లకీ, కవర్‌కీ కొట్టుకుంటుంది. ప్రెషర్ రాగానే టెన్షనర్ తోస్తుంది, సౌండ్ ఆగుతుంది. కొత్త చైన్ అయితే ఆ కాస్త లూజు పెద్దగా వినపడదు. ఎంత అరిగితే అంత సౌండ్, అంతసేపు సౌండ్.

అందుకే మొదటి చెక్‌కి పైసా ఖర్చు లేదు, కానీ ఒక కండిషన్ ఉంది. ఇంజన్ చల్లగా ఉండాలి. కనీసం రాత్రంతా ఆగి ఉండాలి. మధ్యాహ్నం వెళ్ళి స్టార్ట్ చేసి "అన్నా, సూపర్‌గా ఉంది" అంటే దానికి విలువ లేదు. అమ్మేవాళ్ళలో తెలిసినవాళ్ళు చేసే పని ఇదే. మీరు వచ్చే పది నిమిషాల ముందు ఇంజన్ వేడి చేసి ఉంచుతారు. "మీకోసం బండి రెడీగా పెట్టాం" అంటారు. పొద్దున ఆరున్నరకి వెళ్ళండి. ముందురోజే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే పలకరింపులకంటే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. బానెట్ తెరిచి ఇంజన్ పైన కవర్ మీద మెల్లగా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉన్నా ఆ రోజుకి టెస్ట్ క్యాన్సిల్. నవ్వుతూ "మళ్ళీ వస్తా అన్నా" అని వచ్చేయండి.

చల్లగా ఉంటే, ఒకరు సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాలి. మీరు బానెట్ దగ్గర. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఫ్యాన్ బెల్ట్ ఉన్న వైపు పెట్టండి, ఎక్కువ బండ్లలో చైన్ అటువైపే కవర్ వెనక ఉంటుంది. కొన్ని బీఎండబ్ల్యూ డీజిల్ ఇంజన్లలో మాత్రం చైన్ గేర్‌బాక్స్ వైపు పెట్టారు. అది మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజనో దించాల్సిందే. చవగ్గా వస్తోందని పాత లగ్జరీ బండి కొనేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. సెల్ఫ్ కొట్టక ముందు నుంచే రికార్డింగ్ నడుస్తూ ఉండాలి. ఫోన్‌ని బెల్ట్‌కి, ఫ్యాన్‌కి దూరంగా పట్టుకోండి. చున్నీ, మెడలో గొలుసు, చేతికి కట్టుకున్న దారాలు, అన్నీ జాగ్రత్త. ఇది ఉత్తినే చెప్పట్లేదు, ఫ్యాన్ బెల్ట్‌లో గుడ్డ పడితే చెయ్యి కూడా దాని వెంటే వెళ్తుంది.

ఒక సెకను లోపు చిన్న "చర్" అని వచ్చి ఆగితే నేను పెద్దగా కంగారు పడను. వయసైన ఇంజన్‌కి అది ఉంటుంది. ప్రతిరోజూ రెండు మూడు సెకన్లు దాటి వస్తుంటే అనుమానించాల్సిందే. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో కూడా వస్తుంటే ఇంక అనుమానం ఏం లేదు, ఆ బండి నడపొద్దు.

కానీ ఆగండి. ఇంజన్‌లో గరగరలన్నీ చైన్‌వి కావు. నా దగ్గరికి చైన్ పోయిందని వచ్చిన ఒక బండిలో చివరికి చూస్తే సైలెన్సర్ మీద వేడి తగలకుండా ఉండే రేకు బోల్ట్ ఊడింది. బోల్ట్ బిగించాం, సౌండ్ లేదు. అందుకే ఇంజన్ తిరుగుతుండగా క్లచ్ తొక్కి చూడండి. తొక్కగానే చప్పుడు ఆగిపోతే, మళ్ళీ వదలగానే మొదలైతే, అది గేర్‌బాక్స్, క్లచ్ వైపు వ్యవహారం. "టిక్ టిక్ టిక్" అని లయగా, గడియారంలాగా వస్తుంటే టప్పెట్ కావచ్చు. డీజిల్‌లో ఇంజెక్టర్ "ఠక్ ఠక్" వేరే ఉంటుంది, అది గట్టిగా, పొడిగా కొడుతుంది. చైన్‌ది లయ ఉండదు, ఒరుసుకుంటున్నట్టు ఉంటుంది. ఇంకో గుర్తు, 2000 ఆర్‌పీఎం దాకా మెల్లగా రేస్ ఇచ్చి ఒక్కసారి వదిలేయండి. స్పీడ్ దిగుతున్నప్పుడు చైన్ మీద లాగుడు మారుతుంది, లూజు చైన్ ఆ టైమ్‌లో చప్పుడు చేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఎక్కువ రేస్ ఇవ్వకండి.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే మా గురువుగారి పద్ధతి ఒకటి ఉంది. పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని, కొన టైమింగ్ కవర్ మీద ఆనించి, పిడి చెవి పక్కన ఎముకకి ఆనిస్తారు. డాక్టర్ స్టెతస్కోప్ లాగే. పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, కింద ఒకచోట పెట్టి వింటే ఎక్కడ గట్టిగా ఉందో తెలిసిపోతుంది. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేనూ కళ్ళు మూసుకునే వింటున్నా.

ఇక మన ఫోన్‌కి పని చెబుదాం. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌లో పెట్టి యాప్‌తో కనెక్ట్ చేయడమే. చైన్ పొడుగైతే పైన క్యామ్ కొంచెం ఆలస్యంగా తిరుగుతుంది. క్రాంక్ సెన్సర్ ఒక టైమ్ చెబుతుంది, క్యామ్ సెన్సర్ ఇంకో టైమ్ చెబుతుంది. ఇద్దరి మాట కలవకపోతే కంప్యూటర్ వేసే కోడ్ పీ0016. ఎగ్జాస్ట్ క్యామ్‌కి వేరే సెన్సర్ ఉంటే పీ0017. ఈ కోడ్ వచ్చిందంటే వెంటనే చైన్ మార్చేయమని కాదు. సెన్సర్ పోయినా, వైర్ తెగినా, వాల్వ్ టైమింగ్ మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ ఇరుక్కున్నా రావచ్చు. కానీ పొద్దున గరగరా ఉంది, ఈ కోడూ ఉంది అంటే, రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబుతున్నట్టు.

ఇంకా ముఖ్యమైనది, కోడ్ లేకపోవడాన్ని కూడా చదవాలి. అమ్మే ముందు కోడ్లు క్లియర్ చేయడం రెండు నిమిషాల పని. అదే డాంగిల్‌తో ఎవరైనా చేస్తారు. కానీ చాలా బండ్లలో కంప్యూటర్ ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకుంటుంది: "కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది" అని. యాప్‌లో వెతకండి. పదో పన్నెండో కిలోమీటర్లు చూపిస్తే, ఎవరో మొన్ననే చెరిపారు. ఎందుకు చెరిపారన్నా అని మర్యాదగానే అడగండి. బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని బండ్లలో ఇది సున్నా అవుతుంది, కాబట్టి దొంగా అని అరవకండి. ఆయన ఏం జవాబు చెప్తాడో వినండి చాలు.

ఆ తర్వాత ఆయిల్. ఆయిల్ పోసే మూత తిప్పి అడుగున చూడండి. నల్లగా, జిగురుగా, బంకలాగా పేరుకుని ఉందా? ఆ బంకే టెన్షనర్‌కి వెళ్ళే సన్నటి దారుల్లో కూడా ఉంటుంది. డీజిల్‌లో మసి ఆయిల్‌లో కలుస్తుంది. అది ఇంజన్ లోపల సన్నటి గరుకు కాగితంలాగా పనిచేస్తుంది, ఆ పిన్నులని అరగదీసేది అదే. పదివేలకి మార్చాల్సిన ఆయిల్ ఇరవై వేలకి మారిస్తే ఆదా అయింది ఒక సర్వీస్ ఖర్చు. పోయింది చైన్. మా బాబాయ్ చేసింది ఇదే. ప్రతి సర్వీసూ "ఈ నెల కిరాయిలు ఎక్కువ, వచ్చే నెల చూద్దాం." ఇంకా కొందరు సౌండ్ తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోస్తారు, పై నుంచి ఏవో సీసాలు కలుపుతారు. వేడి మీద సౌండ్ తగ్గొచ్చు కూడా. కానీ చిక్కటి ఆయిల్ చల్లటి ఇంజన్‌లో టెన్షనర్ దాకా ఇంకా ఆలస్యంగా వెళ్తుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఏదో అదే పోయాలి. కొనేవాళ్ళు సర్వీస్ బుక్ అడగండి, బిల్లులు అడగండి. ఆయిల్ మార్చిన తేదీలు, కిలోమీటర్లు ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. మధ్యలో పెద్ద ఖాళీ ఎక్కడుందో కనపడుతుంది. నాకు రీడింగ్ 1,40,000 అన్నదానికంటే ఆ ఖాళీయే ఎక్కువ చెబుతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు ఇంకో పని చేయించండి. పాత ఆయిల్‌ని శుభ్రమైన ట్రేలో పట్టి, గుడ్డలో వడకట్టి చూడండి. ప్లాస్టిక్ ముక్కలు, గోధుమరంగువో నల్లవో కనిపిస్తే అవి గైడ్ ముక్కలు కావచ్చు. ఇంజన్ లోపల ప్లాస్టిక్ ఉండే చోట్లు చాలా తక్కువ. గైడ్ విరిగి ఆ ముక్క పళ్ళచక్రంలో పడితే చైన్ అరిగిందా లేదా అనే చర్చ కూడా ఉండదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మీరు చేసుకోగలిగేవి. అనుమానం గట్టిపడితే విప్పి చూడాల్సిందే. అది మెకానిక్ పని, కానీ ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి. చాలా ఇంజన్లకి టైమింగ్ లాక్ టూల్స్ ఉంటాయి. 1.3 మల్టీజెట్‌లో అయితే క్రాంక్‌ని ఒకచోట లాక్ చేసి, పైన క్యామ్‌లకి పిన్నులు దిగుతాయా లేదా చూస్తారు. చైన్ బాగుంటే పిన్ను సులువుగా దిగుతుంది. పొడుగైతే క్యామ్ వెనకబడి ఉంటుంది కాబట్టి పిన్ను రంధ్రానికి ఎదురుగా రాదు. "పిన్ను పెట్టి చూశారా అన్నా?" అని అడగండి. ఆ టూల్ లేదంటే వేరే గ్యారేజీ చూసుకోండి. కొన్ని స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 1.8 టీఎస్ఐ ఇంజన్లలో ఇంకా తేలిక, కింద కవర్‌కి ఒక చిన్న మూత ఉంటుంది. అది తీసి లైటు వేసి చూస్తే టెన్షనర్ ఎన్ని గీతలు బయటికి వచ్చిందో లెక్కపెట్టొచ్చు. ఇక చైన్ ఎలాగూ బయటికి తీస్తే, కొత్త చైన్ పక్కన పాతది ఒకే మేకుకి వేలాడదీయమనండి. పైన సమానంగా ఉంటాయి, కింద తేడా కనపడుతుంది. కస్టమర్‌కి చూపించడానికి నాకు అంతకంటే మంచి పద్ధతి తెలియదు.

ఇక్కడ ఒక పాత ముచ్చట. అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌లో కూడా చైనే ఉండేది తెలుసా? అందులో క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాక్‌లోనే ఉండేది కాబట్టి చైన్ పొట్టిది. మా గురువుగారు దాన్ని చెక్ చేసే తీరు భలే ఉండేది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్‌ని చూస్తూ, పానాతో క్రాంక్‌ని ముందుకి తిప్పి ఆపేవారు. తర్వాత మెల్లగా వెనక్కి తిప్పేవారు. క్రాంక్ కదులుతుంది, రోటర్ కదలదు. ఎంతసేపటికి రోటర్ కదిలిందో ఆ మధ్య తేడాయే లూజు. ఐదారు డిగ్రీలు అయితే "ఇంకా తోలుకో" అనేవారు, పది దాటితే "మార్చు" అనేవారు.

ఇది విని ఎవరైనా ఇంటికెళ్ళి కొత్త ఇంజన్ మీద ట్రై చేస్తారేమో, దయచేసి వద్దు. ఆయిల్‌తో పనిచేసే టెన్షనర్ ఉన్న ఇంజన్‌ని చేత్తో వెనక్కి తిప్పకూడదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ సున్నా. వెనక్కి తిప్పితే లూజు అంతా టెన్షనర్ మీద పడుతుంది, అది లోపలికి నొక్కుకుంటే చైన్ అక్కడే పన్ను దాటొచ్చు. చెక్ చేయబోయి మనమే పాడుచేసినట్టు అవుతుంది. తిప్పాల్సి వస్తే ఇంజన్ తిరిగే దిక్కులోనే తిప్పాలి. ఇదే కారణంతో, చైన్ మీద అనుమానం ఉన్న బండిని ఏటవాలు మీద గేర్‌లో పెట్టి మాత్రమే ఆపకండి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, బరువు దాని మీద పడ్డాక గేర్ వేయండి. తోసి స్టార్ట్ చేయడం కూడా వద్దు.

మార్చాల్సి వస్తే ఒక్క చైన్ మాత్రమే మార్పించకండి. చైన్, పళ్ళచక్రాలు, గైడ్లు, టెన్షనర్, అన్నీ కలిపి కిట్ వస్తుంది. పాత చక్రం మీద కొత్త చైన్ వేస్తే, అరిగిన పళ్ళు కొత్త చైన్‌ని కూడా తొందరగా అరగదీస్తాయి. మీ బైక్‌కి చైన్ సెట్ మొత్తం మారుస్తారు కదా, అదే లెక్క. ఇక్కడ మూడు నాలుగు వేలు మిగుల్చుకుందామని చూసినవాళ్ళని నేను చాలామందిని చూశా, వాళ్ళు మళ్ళీ అదే కవర్ విప్పించడానికి వచ్చారు. విప్పే కూలీయే ఇందులో పెద్ద ఖర్చు.

సరే, మన నల్గొండ తమ్ముడి సంగతి. ఇవన్నీ ఫోన్‌లో చెప్పి పంపించా. మొదటిసారి వెళ్తే బానెట్ వెచ్చగా ఉంది. "పాలకి వెళ్ళొచ్చాం" అన్నారట. సరే, నిజమే కావచ్చు. వీడు గొడవ పెట్టుకోకుండా వచ్చేశాడు. రెండోసారి చల్లటి ఇంజన్ దొరికింది, అప్పుడు తీసిందే మీరు మొదట్లో విన్న వీడియో. డాంగిల్ పెడితే కోడ్లు ఏమీ లేవు. కానీ చెరిపాక తిరిగింది 11 కిలోమీటర్లు. సర్వీస్ బుక్‌లో 96,000 దగ్గర ఒక ఎంట్రీ, తర్వాతది 1,31,000 దగ్గర. మధ్యలో బయట చేయించామన్నారు, బిల్లు లేదు.

వాడికి బండి బాగా నచ్చింది. రంగు నచ్చింది, సీట్లు బాగున్నాయి, వెనక డిక్కీలో లైట్లన్నీ పడతాయి. పెళ్ళిళ్ళ సీజన్ దగ్గరికి వచ్చింది. "అన్నా, తీసుకుని తర్వాత చేయించుకుంటా" అన్నాడు. నేను చెప్పింది ఇది. తమ్ముడూ, తర్వాత అనేదానికి నీ దగ్గర డబ్బు ఉందా? ఉన్నదంతా బండికే పెడుతున్నావు. ఓనర్‌ని అడుగు, మెకానిక్‌తో పిన్ను పెట్టి చూపిస్తా, ఆ ఖర్చు నాదే అని. పిన్ను దిగితే ఆయన చెప్పిన రేటుకి దగ్గరగానే తీసుకో. దిగకపోతే కిట్టు, కూలీ, ఆయిల్, మొత్తం ఎస్టిమేట్ కాగితం మీద రాయించి ఆ రేటులోంచి తీసేయమను. విప్పి చూడటానికే ఒప్పుకోకపోతే బైక్ మీద ఇంకో సీజన్ చెయ్.

ఓనర్ మొదట ఒప్పుకోలేదు. "1,40,000కే చైన్ ఏంటి, మీకు ఎవరో లేనిపోనివి చెప్పారు" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశాడట, సరే తీసుకురండి అని. ఈ శనివారం పొద్దున పెట్టుకున్నాం. లాక్ టూల్ తీసుకుని నేనూ వెళ్తున్నా. ఓనర్ ఒప్పుకుంటే షూట్ చేస్తా, ఆయన ముఖం, బండి నంబర్ చూపించను. పిన్ను దిగిందో లేదో వచ్చే ఎపిసోడ్‌లో మీరే చూద్దురుగాని.

ఈలోపు మీ ఇంట్లో చైన్ బండి ఉంటే, రేపు పొద్దున నాన్న స్టార్ట్ చేసే ముందు ఫోన్ పట్టుకుని బానెట్ దగ్గర నిలబడండి. మొదటి ఐదు సెకన్లు రికార్డ్ చేసి తేదీతో దాచుకోండి. మూడు నెలల తర్వాత ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన వినండి. తేడా వినపడితే ఇంట్లో చెప్పండి. "నీకేం తెలుసురా" అంటారు, అననివ్వండి, ఆ రెండు వీడియోలు వినిపించండి. ఉంటాను, శనివారం తర్వాత కలుద్దాం.